మూడో మాత్ర

“నోరు తెరవండి,” అంది టీచరు.

బైండరు తెరిచాడు.

“నాలిక పైకెత్తండి.”

ఎత్తాడు. ముప్పై ఏడేళ్ళ మనిషి, చేతులకి మణికట్ల దాకా జిగురు పూసుకుని, కుట్టుపీట ముందు బాసింపట్టు వేసుకుని కూర్చున్నవాడు, పెళ్ళాం ముందు చంటిపిల్లాడిలా నాలిక ఎత్తి చూపించాడు. నాలిక కింద ఏముంటుంది? ఏమీ లేదు. మూడు మాత్రలూ ఎప్పుడో గొంతు దిగిపోయాయి.

నీళ్ళ గ్లాసు పట్టుకుని పక్కనే నిలబడ్డ అత్తగారికి అరికాలి మంట నెత్తికెక్కింది.

“ఏం చూస్తున్నావే అమ్మాయ్? వాడేమైనా మీ బళ్ళో బలపాలు మింగే పిల్లాడా? నా చేత్తో నేను నోట్లో వేశాను. నీళ్ళు నేను తాగించాను. ఇంకా ఏం కావాలి నీకు, పొట్ట కోసి చూస్తావా?”

“మీరు ఊరుకోండి అత్తయ్యా.”

“ఎందుకూరుకుంటాను? నా కొడుకు నోరు నువ్వు సోదా చేస్తుంటే నేను చూస్తూ ఊరుకుంటానా?”

“చూడనివ్వమ్మా,” అన్నాడు బైండరు, సూదిలో దారం ఎక్కిస్తూ. “ఆవిడ తృప్తి ఆవిడది.”

ఆవిడట! రెండేళ్ళ కాపురంలో ‘టీచరమ్మా’ అన్నాడు, ‘ఏమోయ్’ అన్నాడు, ముద్దొచ్చినప్పుడు ‘హెడ్మిస్ట్రెస్సు గారూ’ అన్నాడు. ఒక్కనాడు ‘ఆవిడ’ అనలేదు. ఆ ఒక్క మాటకి టీచరు కళ్ళు నిండాయి. నిండితే నిండాయి గానీ వెనక్కి తగ్గిందా అంటే, తగ్గలేదు. తగ్గే స్థితిలో లేదు పాపం.

నిన్న క్లినిక్కులో డాక్టరమ్మ చేతిలో పెట్టిన కాగితం ఇప్పటికీ ఆమె హ్యాండ్‌బ్యాగులోనే ఉంది. ఆరేళ్ళుగా ఏడాదికోసారి ఇచ్చే ఆ కాగితంలో వైరస్ లెక్క రాసే చోట ‘కనపడలేదు’ అనే వచ్చేది. ‘కనపడలేదు’ అన్న ఆ మాట మీదే వాళ్ళ పెళ్ళి జరిగింది. హెచ్‌ఐవీ ఉన్నవాడని తెలిసే చేసుకుంది ఆమె. మాత్రలు తప్పకుండా వేసుకుంటున్నంత కాలం, వైరస్ కనపడనంత కాలం, భార్యకి సోకదని, నిశ్చింతగా బిడ్డని కనొచ్చని డాక్టరమ్మే దగ్గర కూర్చోబెట్టుకుని చెప్పింది. విన్నారు, నమ్మారు, కన్నారన్నంత దూరం వచ్చారు. ఇప్పుడు టీచరుకి నాలుగో నెల.

నిన్న ఆ చోట ‘కనపడలేదు’ అన్న మాట లేదు. ఐదు అంకెల సంఖ్య ఉంది.

“మాత్రలు మానేశారా?” అని అడిగింది డాక్టరమ్మ.

“ఒక్క రోజు కూడా లేదండీ,” అన్నాడు బైండరు.

డాక్టరమ్మ సీసాలు తెరిచి లెక్క చూసింది. లెక్క అచ్చంగా సరిపోయింది. ఎన్ని మిగలాలో అన్నే మిగిలాయి. సీసాలు మూసి, కళ్ళజోడు తీసి, ఇద్దరి వంకా చూసింది. “సీసాలోంచి మాత్ర బయటికొచ్చింది, సరే. నోట్లోకి వెళ్ళిందా లేదా అన్నది మీకే తెలియాలి. మందు మార్చాలి. ఏ మందు, ఎన్నాళ్ళు ఆగిందో తెలిస్తేనే ఏది ఇంకా పనిచేస్తుందో నేను ఆలోచించగలను. సోమవారం వచ్చేటప్పుడు నిజం తెచ్చుకోండి,” అంది.

ఆ తర్వాత టీచరు చేతి నుంచి కూడా రక్తం తీశారు. అప్పటికప్పుడు చేసే పరీక్షలో ఏమీ లేదన్నారు. అయినా ఇంకో పరీక్షకి పైన పెద్ద ల్యాబుకి పంపుతామన్నారు. ఫలితం సోమవారమే. ఇవాళ శనివారం, బడికి సెలవు పెట్టింది. ఈ రెండు రోజులూ ఆమె ఎలా బతకాలో ఎవరూ చెప్పలేదు.

ముందుగది బైండింగు షాపు, వెనక రెండు గదులూ కాపురం. బడి రిజిస్టర్లు, ఆఫీసు ఫైళ్ళు, ఒక లాయరుగారి లావుపాటి పుస్తకాలు గోడవారగా మెడ ఎత్తు పేర్చి ఉన్నాయి. మూల చేతిచక్రం ప్రెస్సు. దాని పళ్ళెం కింద నిన్న అతికించిన అట్టలు నలుగుతున్నాయి. గది నిండా ఉడికిన జిగురు వాసన. నాలుగో నెల మహిమేమో, ఆ వాసనకి టీచరుకి కడుపులో తిప్పుతోంది. అయినా అక్కడే, కాగితాల కట్ట మీద కూలబడింది.

అత్తగారు విసవిసా వంటింట్లోకి వెళ్ళిపోయింది. గిన్నెలు చేసిన చప్పుడు వింటే పాపం వాటికీ ఏదో వాటా ఉందనిపిస్తుంది ఈ గొడవలో.

“నాతో నిజం చెప్పండి,” అంది టీచరు, గొంతు తగ్గించి. “కోప్పడను.”

బైండరు కుట్టాల్సిన కాగితాల ఫారం మడిచి, మడత మీద ఎముక పుల్లతో గీశాడు. ఇంకో ఫారం తీశాడు.

“నేను పొద్దున్నే ఏడింటికల్లా బడికి పోతాను. మీరు మాత్రలు వేసుకునేది ఎనిమిదింటికి. నేను చూడను. అత్తయ్య నోట్లో వేస్తారు, నిజమే. ఆవిడ గ్లాసు పెట్టడానికి లోపలికి వెళ్తారు. మీరు వీధివైపు తిరిగి...”

“ఉమ్మేస్తాను. అంతేగా?”

“నేనలా అన్లేదు.”

“అనకపోవడమేమిటి, నాలిక ఎత్తించి చూశావుగా.”

మళ్ళీ ఎముక పుల్ల. మళ్ళీ మడత. వీధిలో ఎవరో సైకిలు గంట కొట్టుకుంటూ పోయారు.

“మొదట్లో ఆ పెద్ద మాత్రకి తల తిరుగుతోందన్నారు కదా,” అంది ఆమె. “సూది రెండుగా కనిపిస్తోందన్నారు. మనిషన్నాక విసుగు పుడుతుంది. ఆరేళ్ళు రోజూ అంటే మాటలా? ఒకరోజు మానేస్తే ఏమవుతుందిలే అనిపిస్తుంది. నాకైనా అనిపిస్తుంది. చెప్తే చాలు. డాక్టరమ్మ దానికి తగ్గట్టు మందు ఇస్తుంది. చెప్పకపోతే మీకూ ప్రమాదం, నాకూ...” చెయ్యి తనకి తెలియకుండానే పొట్ట మీదికి పోయింది.

అప్పుడు తలెత్తాడు బైండరు. తలెత్తకుండా ఉంటేనే బాగుండేది. ఆ మొహంలో కోపం ఉంటే భరించేది ఆమె. కోపం లేదు.

“మొదటి రోజు నుంచీ చెప్తున్నాను. నాకు జబ్బుందని అందరికంటే ముందు నీకు చెప్పాను. పెళ్ళికి ముందే చెప్పాను. దాచాలనుకునేవాణ్ణే అయితే అది దాచేవాణ్ణి. ఆ బిడ్డ వస్తుందని, పాలవాడు గేటు తీసినా లేచి కూర్చుంటున్నాను, వేళ తప్పుతుందేమోనని. అలాంటివాణ్ణి పట్టుకుని...” మాట పూర్తి కాలేదు. సూది వేలికి గుచ్చుకుంది. చిన్న రక్తపు బొట్టు. టీచరు ముందుకి వంగబోయింది.

“ముట్టుకోకు,” అన్నాడు.

లేచి, తడిగుడ్డ తీసుకుని, తన వేలు తనే చుట్టుకున్నాడు. పీట మీద పడ్డ చుక్క తుడిచి, ఆ గుడ్డ విడిగా మూటకట్టి పెట్టాడు. రెండేళ్ళలో ఆ మాట ఆమెతో అనడం ఇదే మొదలు. ఇంట్లో గోడలకి కూడా వినపడనంత మెల్లగా అన్నాడు గానీ, వంటింట్లో గిన్నెల చప్పుడు ఠక్కున ఆగిపోయింది.

*

అత్తగారు నోటికి పెద్ద, మనసుకి మెత్తన. ముప్పై ఏళ్ళు ఒక హాస్టలు వంటశాలలో గరిటె తిప్పిన మనిషి. మూడు వందల మంది ఆకలి చూసిన చెయ్యి అది. అక్కడ ఆమెకో అలవాటు ఉండేది. పిండి కొలిచినా, పప్పు కొలిచినా, ప్రతి కొలతలోంచీ ఒక గుప్పెడు తీసి వెనక్కి వేసేది. వండే సమయంలో ఎవరికీ తేడా తెలిసేది కాదు. సరుకు రాని రోజున, రెండు రోజుల వానకి బండి నిలిచిపోయిన రోజున, ఆ గుప్పెళ్ళే మూడు వందల మందినీ ఆదుకునేవి. వార్డెను ఆవిడని ‘గుప్పెడు పెద్దమ్మ’ అనేవాడట. ఆ మాట చెప్పుకుని ఇప్పటికీ మురిసిపోతుంది.

పదకొండు దాటాక టీచరు వంటింటి గడపలో కూర్చుని ఏడుస్తుంటే, చూసీ చూడనట్టు కాసేపు కూరగాయలు తరిగింది అత్తగారు. కాసేపే. అంతకు మించి బిగదీసుకోవడం ఆమెకి చేతకాదు.

“చాల్లే, లే. ఒట్టి మనిషివి కూడా కాదు. ఏడిస్తే లోపలున్నదానికి ఎక్కిళ్ళొస్తాయి.”

టీచరు లేవలేదు.

“వాడు మందు మానలేదే పిల్లా. నా మాట నమ్ము. రోజూ మూడూ నా చేత్తోనే వేస్తున్నాను. చేతులకి జిగురుంటుందని పక్షిపిల్లలా నోరు తెరుస్తాడు. ఒకటి వేస్తాను, నీళ్ళు. రెండోది వేస్తాను, నీళ్ళు. ఏం వేశానో కూడా చూడడు వెర్రినాగన్న.”

“అయితే ఎందుకు పెరిగింది అత్తయ్యా?”

“జబ్బన్నాక పెరుగుతుంది, తగ్గుతుంది. కొత్త మందిస్తారుగా.”

“ఇవ్వాలంటే నిజం తెలియాలట. నా రక్తం కూడా పైకి పంపారు. నాకూ వచ్చి ఉంటే...” ఇంతవరకూ ఎవరితోనూ అనని మాట అది. “నాకూ వచ్చి ఉంటే నేనూ వెంటనే మాత్రలు మొదలెట్టాలి. మొదలెడితే బిడ్డకి రాకుండా ఆపొచ్చట. ఆలస్యం కాకూడదట. క్లినిక్కులో మాత్రల సరుకు ఉంటుందో ఉండదో...”

కత్తిపీట మీద అత్తగారి చెయ్యి ఆగింది. మొహం ఒక్కసారిగా విప్పారింది. ఇదా నీ భయం అన్నట్టు చూసింది. కొంగుకి చేతులు తుడుచుకుని, పీట ఎక్కి, అటక మీంచి పాత బిస్కట్ల డబ్బా దించింది.

“ఇదిగో. సరుకు గురించి నువ్వు బెంగపడకు. నూట పద్దెనిమిది ఉన్నాయి. మొన్ననే లెక్కపెట్టాను.”

డబ్బా నిండా మాత్రలు. పొడుగ్గా, పసుపు రంగులో, అన్నీ ఒకటే రకం.

టీచరుకి వెంటనే అర్థం కాలేదు. నిజం చెప్పొద్దూ, అర్థం చేసుకోవడానికి మనసు ఒప్పుకోలేదు. “ఎక్కడివివి?” అంది.

“ఎక్కడివేమిటి, మనవే! పోయినేడాది మర్చిపోయావా? మూడూ కలిపిన మాత్ర రావడం లేదని విడివిడిగా ఇవ్వడం మొదలెట్టారా? మూడో నెలే ఈ పసుపుపచ్చది లేదు, పది రోజులాగి రమ్మన్నారా? ఆ పది రోజులూ నా కొడుకు మొహం నేను చూళ్ళేకపోయాను. ఎక్కడో వేరే ఊరి నుంచి డాక్టరమ్మే తెప్పించింది గానీ, లేకపోతే? అప్పుడే అనుకున్నాను. ఇంకోసారి వాడికి ఆ గతి పట్టనివ్వనని.” గొంతు తగ్గించి, కొంచెం గర్వంగా, కొంచెం రహస్యంగా చెప్పింది. “రోజు విడిచి రోజు ఈ పసుపుపచ్చది తీసి పక్కన పెడుతున్నాను. వాడికి తెలియకుండా, నా మోకాళ్ళకని ఇచ్చారే బలం మాత్ర, అది వేస్తున్నాను. అదీ ఇంత పొడుగే. లెక్క మూడూ మూడే. మిగతా రెండూ రోజూ వేస్తూనే ఉన్నానుగా! ఒంటికి బలానికి బలం, సరుకుకి సరుకు. నీక్కూడా అక్కరొస్తాయని అప్పుడు తెలుసా నాకు? ఏదో శక్తే చేయించింది.”

టీచరు డబ్బాలోకి చూస్తూనే ఉంది.

“ఎన్ని నెలల్నుంచి?”

“ఎనిమిది.”

కడుపులో బిడ్డకి నాలుగు.

ఇరవై మంది పసిపిల్లల్ని అరవకుండా అదుపులో పెట్టే గొంతు టీచరుది. ఇప్పుడు తనకే అరవాలనిపించింది. ఆ డబ్బా ఎత్తి గోడకేసి కొట్టాలనిపించింది. ఎదురుగా ఆ మొహం. మెచ్చుకుంటుందేమోనని ఎదురుచూస్తున్న మొహం.

“అత్తయ్యా, కూర్చోండి,” అంది చివరికి.

“ఏమే?”

“కూర్చోండి. ఆ మూడు మాత్రలూ ఒకదానికొకటి బదులు కాదు. మూడూ కలిస్తేనే మందు. డాక్టరమ్మ ఏం చెప్పిందంటే, ఆ పురుగు మహా తెలివైంది. ఒక మందు వేస్తే దాన్ని తప్పించుకునే ఉపాయం కనిపెడుతుంది. రెండు వేసినా ఎలాగోలా సందు చూసుకుంటుంది. మూడూ ఒకేసారి, రోజూ, గట్టిగా మీద పడితేనే దానికి దారి ఉండదు. మధ్యలో ఒకటి లేకపోతే... ఒకరోజు ఉండి ఒకరోజు లేకపోతే... అది నేర్చేసుకుంటుంది. నేర్చుకున్నాక మళ్ళీ మూడూ వేసినా లొంగదు.”

అత్తగారు విన్నది. పెదవులు కదిలాయి. “రోజు విడిచి రోజేగానే,” అంది.

టీచరు డబ్బా ఆమె ముందుకి జరిపింది.

“మిగతా రెండూ వేశానుగా.”

టీచరు ఆ పసుపు మాత్రలకేసి వేలు చూపించింది.

“గుప్పెడేగా తీసింది...” అని మొదలుపెట్టి, ఆ మాట సగంలో తనకే వినపడి, ఆగిపోయింది అత్తగారు. కత్తిపీట పక్కకి జరిపింది. మళ్ళీ దగ్గరికి జరిపింది. డబ్బా మీద మూత పెట్టబోతే మూత కుదరలేదు. అలా ఎంతసేపు తిప్పిందో. చివరికి ఆ చేతులు రెండూ ఒళ్ళో పెట్టుకుని వాటికేసి చూసుకుంటూ కూర్చుంది.

“నేనే చేశానా?” అంది. గట్టిగా ఏడవలేదు. ఏడిస్తే టీచరుకి కొంచెం సులువయ్యేది. “నీకు వచ్చి ఉంటే, అదీ నేనేనా? ఆ పసిదానికీ...”

“రాలేదేమో అత్తయ్యా. ఇంకా తెలియదు.”

“నన్ను తిట్టవే.”

“తిడితే ఏం వస్తుంది?”

“నాలుగు తిట్టు. నీకు పుణ్యం ఉంటుంది.”

తిట్టలేకపోయింది. అలాగని దగ్గరికి తీసుకోనూ లేకపోయింది. ఇద్దరి మధ్యా జానెడు దూరం. ఆ జానెడూ దాటడం ఆ క్షణంలో ఆమె వల్ల కాలేదు. మనిషే కదా ఆమె కూడా.

కొంతసేపటికి అత్తగారే ఆమె మోచెయ్యి పట్టుకుంది. పట్టు గట్టిగా ఉంది. “వాడికి చెప్పకే.”

“అత్తయ్యా!”

“డాక్టరమ్మకి చెప్పు. నన్ను తీసుకెళ్ళి ఆవిడ ముందు నిలబెట్టు, కాళ్ళు పట్టుకుంటాను. వాడికి మాత్రం వద్దు. వాళ్ళ నాన్న పోయిన దగ్గర్నుంచీ వాడికి నా చెయ్యే దిక్కు. ఇది తెలిశాక ఈ చేతి మంచినీళ్ళు తాగుతాడా? నన్నేం అనడు వాడు. అదే నా భయం. ఏమీ అనడు.”

“ఆయన్ని పొద్దున్న నేను దొంగని చేసి నాలిక ఎత్తించాను అత్తయ్యా. ఆయన తప్పు లేదని ఆయనకి తెలియొద్దా?”

“తెలియాలి. తెలియాలి,” అంది అత్తగారు. అంటూనే తల అడ్డంగా ఊపుతోంది.

అప్పుడే వెనక చెప్పుల చప్పుడు. అత్తగారు చటుక్కున డబ్బా మీద కొంగు కప్పింది.

బైండరు గడప అవతలే ఆగాడు. చేతులు శుభ్రంగా కడుక్కుని ఉన్నాడు. పని మధ్యలో చేతులు కడుక్కోవడం అతని అలవాటు కాదు. వేలికి గుడ్డ. తల్లి వంక చూడలేదు, టీచరు వంకే చూశాడు. ఏదో నిర్ణయించుకుని వచ్చినవాడి మొహం.

“నువ్వు అడిగావు కదా నిజం,” అన్నాడు. “చెప్తున్నాను విను. నువ్వన్నట్టే చేశాను. అమ్మ గ్లాసు పెట్టడానికి లోపలికి వెళ్ళినప్పుడు ఉమ్మేశాను.”

టీచరు అత్తగారి వంక చూసింది.

“తల తిరుగుతుంటే పని సాగడం లేదని. నెలకి పది రోజులనుకో. మూడూ ఉమ్మేసేవాణ్ణి. సోమవారం డాక్టరమ్మకి కూడా ఇదే చెప్తాను. నాకు తగ్గట్టు ఏ మందు ఇస్తుందో ఇవ్వనీ.” ఊపిరి పీల్చుకున్నాడు. “తప్పు నాది. ఇక ఏడవకు. నీకు ఈ పూట నుంచైనా కాస్త తిండి సయిస్తే చాలు.”

అబద్ధం చెప్పడం కూడా సరిగ్గా చేతకాదు ఆ మనిషికి. కళ్ళు రెండూ ఎక్కడ పెట్టుకోవాలో తెలియక గోడ మీద పెట్టుకున్నాడు. పొద్దుట్నుంచీ ఆ ముందుగదిలో ఒక్కడే కూర్చుని, ఆమె ఏడుపు ఆపడానికి ఇంతకంటే దారి కనపడక, తన మీద తనే ఈ నింద కుట్టుకుని తెచ్చాడు. అదే చెప్పబోతున్నాడు డాక్టరమ్మకి. నెలకి పది రోజులు, మూడు మాత్రలూ అని. ఆ అబద్ధం విని ఆవిడ ఏ మందు రాస్తుందో, అది పనిచేస్తుందో చేయదో!

టీచరు ఎదురుచూసింది. అత్తగారు మాట్లాడుతుందని, కొడుకు చెయ్యని తప్పు నెత్తినేసుకుంటుంటే తల్లి ఊరుకోదని ఎదురుచూసింది. పొయ్యి మీద ఎసరు మరిగి పొంగి, మంట సుయ్యిమంది. ఎవరూ లేవలేదు.

అత్తగారు కొంగు కింద డబ్బాని రెండు చేతులా అదిమి పట్టుకుని, నేల చూస్తూ కూర్చుంది.

“అత్తయ్యా,” అంది టీచరు, మెల్లగా. “మీరు చెప్తారా, నన్ను చెప్పమంటారా?”

బైండరు గోడ మీంచి చూపు తిప్పాడు. భార్య మొహం చూశాడు, తల్లి మొహం చూశాడు.

“ఏం చెప్పాలి?” అన్నాడు.